అత్తయ్య శుద్ధం, నా శుద్ధం

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో కంప్యూటరు ఆన్ చేసి, పాడుచేయకుండా మళ్ళీ ఆఫ్ చేయగలిగినవాళ్ళ మీద జనానికి అపారమైన నమ్మకం ఉండేది. వాళ్ళకు రాని విద్యంటూ ఉండదనుకునేవారు. నేను అప్పుడే కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, నాన్న హార్డ్‌వేర్ కొట్లో మేకులు తూస్తున్నదాన్ని. అయినా మా ఆస్టినాబాద్‌లో ఎవరి టీవీ గుర్రుమన్నా, ఎవరి ఫోను మూగబోయినా కబురు నాకే వచ్చేది. నేనూ కాదనేదాన్ని కాదు. (తెలియదని చెప్పడం ఆ వయసులో నాకు తెలియదు. తర్వాత్తర్వాత బాగా అలవాటైంది.) సునామీ వచ్చి వెళ్ళిన మరుసటి సంవత్సరం అది. ఎవరింట్లో ఏ మాట మొదలుపెట్టినా, అది సునామీకి ముందు సంగతా, తర్వాతి సంగతా అని అడిగి మరీ వినేవారు. ఇప్పుడు చెప్పబోయేది తర్వాతి సంగతి.

మా మేనత్త గవర్నమెంటు బళ్ళో సంగీతం టీచరు. మిన్నీ బేలో పల్లంలో అద్దెకుండేది. సునామీ రోజున ఆవిడ బడి పిల్లల్ని చూడటానికని పొద్దున్నే బయటికి వెళ్ళడం వల్ల బతికిపోయింది కానీ, ఇంట్లోకి నడుముల లోతు నీళ్ళొచ్చాయి. పెళ్ళినాటి నుంచీ వెంట ఉన్న హార్మోనియం ఆ నీళ్ళలో తేలుతూ దొరికింది. దాన్ని మా డాబా మీద ఎండబెట్టి గాలితిత్తి లాగితే ముందు ఇసక వచ్చింది, తర్వాత ఒకే ఒక్క మీట కూయడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. నాన్న నవ్వాడు, అత్తయ్య నవ్వలేదు. అప్పటినుంచి ఆవిడ మా ఇంట్లోనే ఉండిపోయింది. ఉన్న కొద్దిరోజులకే, హార్మోనియం లేకుండా, వంటింట్లో పప్పు గిన్నె మీద తాళం వేసుకుంటూ ఒక పాట కట్టింది. "తెల్లవారె తీరమా, తేరి చూడవమ్మా" అని మొదలవుతుంది. మాయామాళవగౌళ రాగం. సంగీతం నేర్చుకునే ప్రతి తెలుగు పిల్లా మొట్టమొదట గొంతు పెట్టే రాగమే. ఉద్యోగం పొడుగునా అత్తయ్య ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవైయారుకీ ఇంకొకరి పాటలే నేర్పింది. సొంతానికి పాట కట్టడం ఆవిడకి అదే మొదలు.

ఆ ఎండాకాలానికి అత్తయ్య రిటైరవుతోంది. అంతకు ముందే బడిలో నీళ్ళకి దెబ్బతిన్న వరస గదుల్ని బాగుచేసి మళ్ళీ తెరవబోతున్నారు. ఆ సభలో తన పాట పిల్లలు పాడాలనీ, వెనకాల వాయిద్యాలు ఉండాలనీ ఆవిడ కోరిక. "నా పాటని నేను పాడకుండా ఒక్కసారి ఇనాలనుందే. ఎవరో వాయిస్తంటే ఊరికే కుర్సీలో కూచుని ఇనాల. అంతే నాకు కావల్సింది" అంది నాతో. అత్తయ్య ఏదైనా కావాలని అడగడం నాకు తెలిసి అదే. వెంటనే "నేనున్నాను కదా అత్తా" అనేశాను. సంగీతానికీ నాకూ ఏమిటి సంబంధమని ఇద్దరం ఆలోచించలేదు.

వాయిద్యాల బాధ్యత బ్యాండ్ అంకుల్ తీసుకున్నాడు. ఏదో బ్యాండులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన రాంచీ మనిషి. బడి పక్క వీధిలోనే ఉండేవాడు. ఆయన జట్టులో ఇద్దరు నికోబారీ కుర్రాళ్ళు వయొలిన్, ఒకమ్మాయి ఫ్లూటు, ఇంకొకబ్బాయి డ్రమ్ములు. అందరూ చర్చిలో నేర్చుకున్నవాళ్ళు, వేళ్ళు చక్కగా నడుస్తాయి. కానీ ఎదురుగా గీతల మీద చుక్కలు పెట్టిన ఇంగ్లీషు సంగీతపు కాగితం లేనిదే విల్లు ఎత్తరు. అత్తయ్యకి సరిగమలు తప్ప చుక్కలు తెలియవు. ఆయనకి చుక్కలు తప్ప సరిగమలు తెలియవు. అత్తయ్య హిందీ కూరగాయల బేరం దాకా వస్తుంది, ఆయన తెలుగు "బాగున్నారా" దగ్గర ఆగిపోతుంది. ఈ అగాధం మీద వంతెనగా నన్ను వేశారు. సహాయం కింద ఎవరో బడికి ఒక కంప్యూటరూ, ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డూ, సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ సీడీ ఒకటీ ఇచ్చి వెళ్ళారు. కీబోర్డు మీద మీట నొక్కితే తెర మీద చుక్క పడుతుంది. రాసినదాన్ని అదే వాయించి వినిపిస్తుంది కూడా. హెడ్మిస్ట్రెస్ దాన్ని ప్లాస్టిక్ కవరు తీయకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది. కవరు తీసిన ఘనత నాది.

సరిగ్గా అప్పుడే వైజాగ్‌లో మా పెద్దత్తకి కంటి ఆపరేషన్ పడింది. ఓడ దొరికిందే తడవుగా అత్తయ్య బయల్దేరింది. (ఓడ దొరకడం మా చేతుల్లో ఉండదు. దొరికినప్పుడు ఎక్కడమే మా పని.) వెళ్తూ వెళ్తూ జెట్టీలో నా చేతిలో ఒక కాగితం పెట్టింది. స్వరాలన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది. పైన ఒక వరస: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. "పిల్లలకి సులువని ఒకటో శ్రుతిలో పెట్టాను. సా అంటే నీ కీబోర్డు మీద సీ. పైన రాసినది సూసుకుని ఎక్కించీ. పిల్లలకి నాను వొచ్చీలోపు ఆ మిషను పాట ఇనిపిస్తా ఉండు, చెవులకి అలవాటవుతాది" అని ఓడెక్కేసింది.

నేను పుట్టి పెరిగింది ద్వీపంలోనే. చదువు హిందీలో. తెలుగు మాట్లాడటం ధారాళంగా వస్తుంది కానీ, చదవమంటే కూడబలుక్కోవాలి. అత్తయ్య చిన్నప్పుడు సంగీతం నేర్పబోతే పెరటి గోడ దూకి పారిపోయాను. అయితే బళ్ళో హిందీ సంగీతం పీరియడ్ నుంచి తప్పించుకోవడానికి గోడ లేదు. అక్కడ సార్ నేర్పిన ఒక్క ముక్క బుర్రలో నిలిచిపోయింది: శుద్ధ్ అంటే మామూలు స్వరం, తెల్ల మీట. కోమల్ అంటే కాస్త తగ్గించినది, నల్ల మీట. అత్తయ్య కాగితం మీద ఎక్కడా కోమల్ లేదు. శుద్ధం, మళ్ళీ శుద్ధం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక అంతర అంటే హిందీ పాటల్లో రెండో చరణాన్ని అంతరా అంటారు కాబట్టి, ఆ గాంధారం రెండో చరణంలో వస్తుంది కాబోలనుకున్నాను. కాకలి దగ్గర మాత్రం కాసేపు ఆగాను. ఆకలి అని రాయబోయి తొందరలో ముందో 'క' పడిందని తేల్చుకుని, ఓడ ఎక్కేముందు అత్తయ్య టిఫిన్ తినలేదేమో పాపం అని జాలిపడ్డాను. ఆ తర్వాత ఒక్క నల్ల మీట ముట్టుకోకుండా పాటంతా తెల్ల మీటల మీద ఎక్కించేశాను. ఎంత సులువు! సంగీతం కష్టమని ఎవరన్నారు?

మిషను వాయించింది. హుషారుగా, పెళ్ళివారు దిగినట్టుగా ఉంది. మిషను మీద వాయిస్తే వంటింటి పాటకి ఈ హుషారు వస్తుంది కాబోలనుకున్నాను. మూడు వంతులు సునామీ షెల్టర్ల నుంచి వస్తున్న పిల్లలే ఆ గదిలో. టిన్ను రేకుల ఇళ్ళలో ఉడికి వచ్చేవారు. ఆ పాట వినగానే బెంచీల మీద చేతులతో దరువు మొదలుపెట్టారు. "కంప్యూటర్ దీదీ, ఔర్ ఏక్ బార్!" అని ఒకటే గోల. బ్యాండ్ అంకుల్‌కీ నచ్చింది. "ఏ వన్ గానా హై బేటీ" అంటూ డ్రమ్ముల అబ్బాయి చేత ప్రతి పాదం చివరా ఒక దరువు కూడా వేయించాడు. అత్తయ్య ఆలస్యమయ్యే కొద్దీ (తిరుగు ఓడ కూడా దొరకాలి కదా) పాట, నేను నేర్పిన మాటలతో సహా, పిల్లల నోళ్ళలో స్థిరపడిపోయింది. నేను కాలర్ లేని చుడీదార్‌కే కాలర్ ఎగరేసినంత గర్వంగా తిరిగాను.

అత్తయ్య ఓడ దిగి, పెట్టె ఇంటికి పంపేసి, తిన్నగా బడికి వచ్చింది. అప్పుడు ఫ్లూటమ్మాయి, వయొలిన్లు, డ్రమ్ములు అన్నీ కలిసి పాట ఎత్తుగడ వాయిస్తున్నారు. పిల్లలింకా అందుకోలేదు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పుతూ చిరునవ్వుతో విని, "బాగుందే! ఎవరిదే ఈ పాట?" అంది నాతో. నేను ఎగతాళనుకున్నాను. ఇంతలో పిల్లలు గొంతెత్తారు: "తెల్లవారె తీరమా..." అత్తయ్య ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేకుండా అలాగే ఉండిపోయింది. చిరునవ్వు మాత్రం మెల్లగా దిగిపోయింది. పాట అయ్యాక లోపలికి వచ్చింది. పిల్లలకి చప్పట్లు కొట్టింది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి అడిగింది.

"శుద్ధం అని రాసేను కదే?"

"శుద్ధ్‌యే పెట్టాను కదా అత్తా! ఏక్ భీ కోమల్ లేదు."

అత్తయ్య నా మొహంలోకి చూసింది. సంగతి ఆవిడకి అర్థమవుతున్న కొద్దీ పెదవులు బిగుస్తున్నాయి. కోపమేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "మన శుద్ధ రిషభం అంటే సా పక్కనే ఆనుకుని ఉండేదే. నీ నల్ల మీటే. హిందీవాళ్ళ శుద్ధం వేరు, మన శుద్ధం వేరు. మా అన్నయ్య నిన్ను హిందీ బళ్ళో ఏసినపుడే చెప్పేను" అని, స్తంభానికి చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అవి నవ్వువల్ల వచ్చినవి మాత్రమే కావని నాకు తెలిసింది. సభ దగ్గరికొచ్చేసింది. పిల్లలు ఆ తప్పు పాటతో ప్రేమలో ఉన్నారు. ఆవిడ కోరుకున్న ఆ ఒక్క వినికిడి నా చేతుల్లో పాడైపోతోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. "ఏడవకు. రిషభం, ధైవతం, రెండే కదా. ఎక్కించీ" అంది అత్తయ్య.

ఈసారి ఆవిడ పక్కన కూర్చుని పాడింది, నేను నల్ల మీటలు నొక్కాను. వాయిస్తే మాయామాళవగౌళ మాయామాళవగౌళలాగే వినిపించింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. కాగితాల మీద ప్రింటు తీసి బ్యాండ్ అంకుల్‌కి పంపాను. మర్నాడు ఆయన ఆ కాగితాలు పట్టుకుని, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్న మొహంతో వచ్చాడు. కాగితం నిండా ముగ్గులాంటి గుర్తులు, వాటి పక్కన కిటికీల్లాంటి గుర్తులు. ఒక చుక్కని పెంచమంటాయి, వెంటనే పెంచొద్దంటాయి, మళ్ళీ పెంచమంటాయి. వయొలిన్ కుర్రాళ్ళు నాలుగు పాదాలకే విల్లులు కింద పెట్టేశారట.

"బేటీ, ఇస్ గానే మేఁ డీ కహాఁ హై? ఏ కహాఁ హై? దోనోఁ గాయబ్! సీ కే బాద్ ఫిర్ సీ, జీ కే బాద్ ఫిర్ జీ!"

ఆయన డీ అంటే మన రిషభం, ఏ అంటే ధైవతం; ఆ రెండూ మాయమై, సీ తర్వాత మళ్ళీ సీ, జీ తర్వాత మళ్ళీ జీ వస్తున్నాయట. సంగతేమిటంటే, నల్ల మీటకి రెండేసి పేర్లుంటాయి. కింది స్వరాన్ని పెంచినదనీ అనొచ్చు, పై స్వరాన్ని తగ్గించినదనీ అనొచ్చు. మా అత్తయ్యే నాన్నకి చెల్లెలు, అమ్మకి ఆడపడుచు అయినట్టన్నమాట. మనిషి ఒకరే, కానీ అమ్మ దగ్గరికి వచ్చి "మీ చెల్లెలేదీ" అంటే కుదరదు. నేను నొక్కినదాన్ని పెంచినదిగా రాయాలా, తగ్గించినదిగా రాయాలా అని సాఫ్ట్‌వేర్ నన్ను అడగలేదు. దానికి తోచినట్టు అన్నింటినీ పెంచుకుంటూ పోయింది. "రెండూ ఒకటే మీట కదా అంకుల్, ఆవాజ్ ఏక్ హీ హై" అని నేను వాదిస్తుంటే, మధ్యలో అత్తయ్య అందుకుంది.

"ఏటంటాడు? రిషభం లేదంటాడా?"

"ఉంది అత్తా. కంప్యూటర్ దాన్ని కొంచెం పెంచిన సా అని రాసింది. ధైవతాన్ని పెంచిన పా అని."

అత్తయ్య కుర్చీలోంచి లేచింది. అప్పటిదాకా నా తెలివితక్కువతనం ఏదీ ఆవిడ గొంతు పెంచలేదు. సా, పా అచలస్వరాలనీ, వాటికి పెరగడం తరగడం ఉండదనీ నాకేం తెలుసు? ఏడు స్వరాల్లో కదలనివి ఆ రెండే. ఏరికోరి ఆ రెండింటినే పెంచాను.

"నేల కదిలింది. సముద్రం కదిలింది. నా ఇల్లు సామానుతో సహా కదిలిపోయింది. సా ఒక్కటీ కదల్దని ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పుకొస్తన్నాను. దాన్నీ కదిపీసావటే?"

సునామీ తర్వాత అత్తయ్య మా ఇంట్లో హార్మోనియం గురించి కానీ, ఇంటి గురించి కానీ ఒక్కమాట అనలేదు. అది ఇలా, ముగ్గు గుర్తుల మీదుగా బయటికి వస్తుందని నేననుకోలేదు. "క్యా బోలీఁ మేడమ్‌జీ?" అని బ్యాండ్ అంకుల్ మెల్లగా అడిగాడు. నేను హిందీలో చెప్పాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మేడమ్‌జీ కో బోలో, సా నహీఁ హిలేగా. పా భీ నహీఁ. డీ కో నీచే కరో, ఏ కో నీచే కరో. మైఁ భీ తో వహీ బోల్ రహా హూఁ" అన్నాడు. సా, పా కదలకూడదు, డీనీ ఏనీ దించి రాయాలి: ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు పెద్దవాళ్ళు ఇదే మాట అంటున్నారు, మధ్యలో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే అర్థంకాక వాదించానన్నమాట.

పేరు మార్చే మీట ఒకటుందని సీడీతో వచ్చిన పుస్తకంలో కనిపెట్టాను. ఆ సంతోషంలో, ఒక్కొక్క చుక్కా పట్టుకోవడం ఎందుకని పాటంతా ఒకేసారి ఎంచుకుని ఆ మీట నొక్కాను. రిషభం రిషభం అయింది, ధైవతం ధైవతం అయింది. దాంతోపాటు మిగతా స్వరాలు కూడా పక్కింటి పేర్లు పెట్టుకున్నాయి. గాంధారం తగ్గించిన మధ్యమం అయింది, మధ్యమం పెంచిన గాంధారం అయింది, సా వెళ్ళి నిషాదం ఇంట్లో చేరింది. తమాషా ఏమిటంటే వాయిస్తే మాత్రం ఏ తేడా లేదు, కమ్మగానే ఉంది. కాగితం చూసిన ఫ్లూటమ్మాయి మాత్రం "దీదీ, యే కౌన్ సీ భాషా హై?" అంది. (అత్తయ్యకి ఈ విషయం చెప్పలేదు. సా ఇంటిపేరు కూడా మారిందని తెలిస్తే ఆవిడ మళ్ళీ ఓడెక్కేసేది.) చివరికి బ్యాండ్ అంకుల్ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అత్తయ్య ఒక్కో స్వరం పాడటం, ఆయన "హాఁ, డీ, నీచే" అనడం, నేను ఒక్కో చుక్కా పట్టుకుని పేరు సరిచేయడం. కరెంటు పోతే ముగ్గురం టీ తాగేవాళ్ళం, వస్తే మళ్ళీ మొదలు. ఆ పని నెమ్మదిగా జరిగినందుకు ఇప్పుడు నాకు సంతోషంగా ఉంది. వాళ్ళిద్దరి మధ్యా అలా కూర్చోవడం మళ్ళీ కుదరలేదు.

పిల్లల్ని మళ్ళించడం అత్తయ్య పని. రిషభం వచ్చిన చోటల్లా అరచెయ్యి కిందికి వంచేది, పిల్లలు బావిలోకి తొంగిచూస్తున్నట్టు మెడలు వంచి మరీ స్వరం తగ్గించేవారు. సభ రోజున వేదిక మీద పాట మొదలైంది. ఆవిడ చెయ్యి వంచడానికి లేచి నిలబడబోతే, నేనే భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాను. ముందు వరసలో ఒకరిద్దరి గొంతులు హుషారు వైపు జారబోయాయి కానీ, ఫ్లూటు పట్టి కిందికి దించింది. తెల్లవారుజామున సముద్రం వైపు చూస్తే ఎలా ఉంటుందో ఆ పాట అప్పుడు అలా ఉంది. నాకు సంగీతం చెవి లేదు. అయినా తెలిసింది. అత్తయ్య కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదవి కూడా కదపకుండా వింది. అయ్యాక నా చెయ్యి నొక్కి, "ఇన్నానే" అంది. అంతే.

సభ ముగిసిందో లేదో, లడ్డూలు చేతికొచ్చిన పిల్లలు మైదానంలోకి పరిగెత్తి నా తెల్ల మీటల పాట ఎత్తుకున్నారు, దరువుతో సహా. నేను తలెక్కడ పెట్టుకోవాలో తెలియక ఆపమని చెప్పడానికి లేచాను. అత్తయ్య నా దుపట్టా పట్టుకుని ఆపింది. "ఆపకే. నాది అయిపోయింది, నాను ఇన్నాను. అది నీ పాట, నువ్వు ఇనుకో" అంది.

అత్తయ్య పోయి కొన్నేళ్ళయింది. నేనిప్పుడు ఒక బళ్ళో కంప్యూటర్ టీచర్ని. తెలియనివి తెలియవని చెప్పేటంతగా ఎదిగాను. మొన్నామధ్య చౌల్దారీ నుంచి వస్తున్న బస్సులో నా పక్క సీట్లో ఒక పడుచు తల్లి చంటివాణ్ణి జోకొడుతూ కూనిరాగం తీస్తోంది. "తెల్లవారె తీరమా." చప్పున అటు తిరిగాను. ఎక్కడిదమ్మా ఈ పాట అని అడిగాను. "హమారే స్కూల్ కా గానా హై దీదీ. ఏక్ తెలుగు మేడమ్ నే సిఖాయా థా" అంది. తమ బళ్ళో ఒక తెలుగు మేడమ్ నేర్పిందట. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టలేదు. నేనూ ఎవరో చెప్పుకోలేదు. ఆగలేక నేనూ సన్నగా గొంతు కలిపాను. రిషభం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు దానంతటదే కిందికి, అత్తయ్య శుద్ధంలోకి దిగింది. చంటివాడు ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. నేను స్వరం తప్పానని ఆ అమ్మాయి నా వైపు దయగా చూసి, "నహీఁ దీదీ, సుర్ గలత్ హో గయా. ఐసే గాతే హైఁ, సునో" అని, రిషభాన్ని నా పాత తెల్ల మీట మీదే ఉంచి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా పాడి వినిపించింది. అత్తయ్య ఉండి ఉంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్వేదో! నేను మాత్రం వాదించలేదు. "హాఁ బేటీ, ఫిర్ సే బోలో" అని, ఆ అమ్మాయి దిద్దినట్టల్లా దిద్దుకుంటూ, బుద్ధిగా నేర్చుకుంటూ కూర్చున్నాను. నేను దిగాల్సిన ఆస్టినాబాద్ ఎప్పుడో దాటిపోయిందని బజారు దగ్గర కండక్టర్ అరిచేదాకా చూసుకోలేదు.